ఖాళీ దొడ్లు

అడవిలోకి మేకలను తోలొద్దని చట్టం వచ్చాక, అదెలా అమలవుతోందో చూడటానికి ఒక ఆఫీసరు అమ్రాబాద్ పక్కనున్న మా ఊరొచ్చాడు. రాక రాక నడి ఎండాకాలంలో వచ్చాడు! ఊళ్లో మేత దొరకని ఆ రోజుల్లో మగవాళ్లంతా మందలతో అడవిలోనే ఉంటారు. ఖాళీ దొడ్లు చూసి ఆయన మురిసిపోయాడు.

"మేకలు మానేశారన్నమాట. చట్టం బాగా పనిచేస్తోంది" అన్నాడు మా అవ్వతో.

నిజం చెబితే కేసు పెడతారు. అవ్వ అవునన్నట్టు తలూపింది. జీపు కదిలాక మాత్రం నెత్తి కొట్టుకుంది. "ఎండకాలం మందలు యాడికి పోతయో తెల్వనోడు గిదేం చూడొచ్చిండే!"

తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ చట్టం వల్ల జరిగిందల్లా, అడవిలోకి పోయే ప్రతి మందా ఫారెస్టు గార్డుకు ఒక మేకపోతును ఇచ్చుకోవడమే. ఆఫీసరు చట్టాన్ని మెచ్చుకుంటున్న వేళకు మా పోతు గార్డు ఇంట్లో కూరవుతోంది.