ఎనిమిది వందల ఫోన్లకు ఒకే లెక్క

మహారాష్ట్ర సరిహద్దు ఊరు లక్కడ్‌కోట్‌లో అంగన్‌వాడీ టీచర్ భూదేవి కూతురు హేమలత. చంద్రపూర్‌లో వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఓ బొగ్గు గని చుట్టూ పన్నెండు ఊళ్ల జనం పెట్టుకున్న దుమ్ము మీటర్ల అంకెలను ఆమె సైటే వినిపిస్తుంది. అవును, వినిపిస్తుంది. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది చదివింది మరాఠీ బడిలో; తెలుగు వింటే తెలుస్తుంది, చదవలేరు.

గని విస్తరణ మీద ప్రజా విచారణకు వారమే ఉంది. దుమ్ము హద్దులోనే ఉందని కంపెనీ కాగితం. కాదనడానికి జనం దగ్గరున్నది ఆ సైటొక్కటే. తీరా వందమంది ఒకేసారి తెరిచి చూస్తే అది చతికిలబడింది. ఎవరడిగినా ఏడాది అంకెలన్నీ మొదటినుంచీ కూడుకోవడమే దాని జబ్బు. పీల్చే గాలి సంగతి తెలుసుకోవడానికీ జనం పడిగాపులు పడాలా?

కూతురు చెప్పింది విని భూదేవి నవ్వింది. "ఎవలడిగినా నేను పిల్లగాండ్లను మళ్ల తూకమేస్తనా? గోడ మీద రాసింది చెప్త. మళ్ల తూసిననాడే మారుస్త. గింత చదివినవు, గదెరుకలేదా?"

"ఎరుకనే అమ్మా, క్యాషింగ్ అంటరు. చేయనీకి బద్ధకమైంది."

ఆ పూటే కూర్చుంది. లెక్క ఒక్కసారి కట్టి, ఊరి పేరుతో దాచింది. అడిగినవాళ్లకు దాచిందే ఇస్తుంది. మీటర్ కొత్త అంకె పంపగానే పాతది చెరిపేస్తుంది. సైటు పరుగందుకుంది.

మర్నాడే లక్కడ్‌కోట్ నుంచి దత్తు అనే కుర్రాడి ఫోన్. "అక్కా, మా నాయిన తెలుగు నొక్కితే మరాఠీ మాట్లాడుతుంది. 'గిది గుడ కంపెనీకి అమ్ముడువోయిందా' అంటుండు!"

హేమలత తల కొట్టుకుంది. దాచింది ఊరి పేరుతోనే. ముందు తెరిచినవాళ్ల భాషే ఊరందరికీ వెళుతోంది. ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపి మాట్లాడే పిల్లకు, వాటిని వేరుగా రాసుకోవాలని తోచనే లేదు. ఊరూ భాషా రెండూ కలిపి మళ్లీ దాచింది.

విచారణ రోజు కంపెనీ మనిషి "హద్దులోనే ఉంది" అనగానే రైతు ఇస్తారి లేచాడు. "జర ఆగుండ్రి సాబ్. మా ఊళ్లు ఏమంటున్నయో ఇనుండ్రి."

ఎనిమిది వందల ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. తెలుగులో, మరాఠీలో పన్నెండు ఊళ్లదీ ఒకే మాట: హద్దుకు రెండింతల పైనే. ఒక్క ఫోనూ తడబడలేదు.

విచారణ జరుపుతున్న అధికారి కంపెనీ కాగితాన్ని పక్కన పెట్టాడు. "మళ్లీ కొలిపించేదాకా విస్తరణ వద్దని ప్రభుత్వానికి రాస్తాను."

"రాస్త అంటె కాదు సాబ్, గిప్పుడే రాయుండ్రి!" అన్నాడు ఇస్తారి.

రాశాడు. చదివి వినిపించాడు. సంతకం పెట్టేదాకా ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. పెట్టాక మాత్రం, జనం హేమలతను భుజాలకెత్తుకుని హాలు దాటించారు.