ఎలుక చెవి, అవ్వ మాట

దయ్యాలు, పూనకాలు, ముందే తెలిసిపోవడాలు అని ఎవరైనా మొదలుపెడితే, రుజువేదని అడిగి విసిగించే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అయినా ఈ ఒక్కటి రాయక తప్పడం లేదు.

మాది బేస్తవారిపేట దగ్గర ఒక పల్లె. గొర్రెలే ఆధారం. ఎమ్మెస్సీ చదువుతుండగా, వేసవిలో రెండు నెలలు జర్మనీలోని ఒక ల్యాబ్‌లో పనిచేసే అవకాశం వచ్చింది. సిఫారసు ఉత్తరం మీద సంతకం పెడుతూ మా కాలేజీ మేడమ్, "గొర్లోళ్ళ పిల్లవి, ఆడ తట్టుకుంటావా?" అంది. సంతకం పెట్టింది కదా అని ఆ మాట నేను మరిచిపోలేదు.

అక్కడ పని ఎలుకల మీద. గుర్తు కోసం ప్రతి ఎలుక చెవికీ చిన్న రంధ్రం చేస్తారు. కుడి చెవికి ఉంటే మందు పట్టాలి, ఎడమ చెవికి ఉంటే పట్టకూడదు. అది చూసి నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లోనూ అంతే. కుడి చెవికి గాటుంటే గొర్రె మాది, ఎడమ చెవికి ఉంటే మా చిన్నాయనది. గొర్రె ముఖం మా వైపు తిప్పి పట్టుకుని, మా కుడిచేతి వైపు ఉన్నదాన్ని కుడి చెవి అంటాం. అవ్వ నాకు నేర్పిన మొదటి పని అదే.

ల్యాబ్‌లో మాత్రం కుడి అంటే ఎలుక కుడి. నా పై రీసెర్చర్ లీనా మొదటి రోజే చెప్పింది. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

ఎలుకల సంగతి ఇంట్లో చెప్పలేదు. ప్రయోగం అయ్యాక వాటిని చంపేస్తారని తెలిస్తే అవ్వ అన్నం ముట్టదు. అందుకే కంప్యూటర్ పని అని చెప్పాను. కాలేజీలోనూ ఎవరికీ వివరాలు చెప్పలేదు.

రంధ్రాలు చేసిందీ, బరువు తూచేదీ లీనా. మందు పట్టేది నేను. మందు పడితే ఎలుక చిక్కిపోవాలి. మూడో వారంలో లెక్క తలకిందులైంది. మందు పట్టిన ఎలుకలు అలాగే ఉన్నాయి, పట్టనివి చిక్కిపోయాయి. లీనా అందరి ముందూ, "చెవులు సరిగ్గానే చూస్తున్నావా?" అని అడిగింది. చెవులు చూస్తూ పెరిగినదాన్ని నన్నా? తనే రంధ్రాలు తప్పు చెవికి చేసి నా మీద తోస్తోందని తేల్చుకున్నాను.

తప్పు ఎవరిదో తేలితే వాళ్ళు ఈ ప్రయోగం వదిలేయాలని ప్రొఫెసర్ అన్నాడు. నాకది రెండు నెలల పని. లీనాకు మూడేళ్ళ చదువు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ప్రొఫెసర్‌కు మెయిల్ రాశాను. లీనా ఏ రోజు నాతో ఏమందో వరుసగా పెట్టాను. ఇక పంపడమే మిగిలింది. ఫోన్ మోగింది. నాయన. ఆయన తనంతట తాను ఎప్పుడూ చేయడు, ఆదివారం నేనే చేస్తాను.

"పాపా, మీ అవ్వ పొద్దున్నుంచి ఒకటే పోరు. నీకు చెప్పమంటాంది."

"ఏందంట నాయనా?"

"చెవి నీ దిక్కు నుంచి చూడొద్దంట. జీవం దిక్కు నుంచి చూడమంటాంది. ఏం జీవమే? నువ్వు చేసేది కంప్యూటర్ పని గదా?"

అవ్వకు ఫోన్ ఇమ్మన్నాను.

"తిన్నావా తల్లీ? ఆడ అన్నం దొరుకుతాందా?"

"చెవుల సంగతి ఏందే అవ్వా?"

"ఏ చెవులే?" అంది.

ఫోన్ పెట్టేసి ఎలుకల గదికి వెళ్ళాను. ఒకదాన్ని తీసి, ముఖం అటు వైపు ఉండేలా పంజరం మూత మీద పెట్టాను. రంధ్రం ఎడమ చెవికి ఉంది. నా రిజిస్టరులో కుడి అని ఉంది. ఆ పంజరంలో ఉన్నవి పన్నెండు. పన్నెండూ తప్పే. మూడు వారాలుగా ప్రతి ఎలుకనూ గొర్రెను పట్టినట్టే ముఖం నా వైపు తిప్పి పట్టుకున్నాను. బుక్కులో రాసుకున్నది వేరు, నా చేతులు చేసింది వేరు.

మెయిల్ చెరిపేసి, ప్రొఫెసర్ గదికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. మిగిలిన వారాలు గాజు సీసాలు కడిగాను. లీనా కొత్త ఎలుకలతో మొదటి నుంచి మొదలుపెట్టింది. అందరి ముందూ అడిగింది తను. తప్పు నాదే అయినా, నన్ను పక్కకు పిలిచి అడిగి ఉండొచ్చు. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను.

ఊరికి వచ్చాక ఊరుకోలేదు. ఫోన్‌లో ఆ కాల్ ఉంది. అవ్వ ఉల్లిగడ్డలు తరుగుతూ మూడుసార్లు అదే మాట చెప్పిందని నాయన అన్నాడు. పక్కనున్న చిన్నమ్మ కూడా విన్నానంది. ఎలుకల సంగతి వాళ్ళలో ఎవరికీ తెలియదు. నాకే తెలియని నా తప్పు ఇంకెవరికి తెలుస్తుంది?

అవ్వను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"పెద్ద చదువు చదివి నన్ను పిచ్చిదాన్ని చేస్తాండావా? చెవి ఎప్పుడైనా మన దిక్కు నుంచే గదే చూసేది! నేనెందుకు చెప్తా అట్ల?"

నిజమే. పుట్టినప్పటి నుంచి ఆమె నాకు చెప్పింది అదే. నాయన నోట వచ్చిన మాట దానికి సరిగ్గా వ్యతిరేకం.

నా జీవితంలో రాసి కూడా పంపని ఫిర్యాదు అదొక్కటే. ఆ రోజు నన్ను ఆపింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.