ఏ కాలికి?

బోధన్‌లో ఎవరు చచ్చినా ఊళ్లకు కబురు మోసేది ఎర్రన్నే. గొంగడి భుజాన వేసుకుని, ఇంటివాళ్ల ముఖాలు అనుమానంగా చూసి, "ఏమైందని సెప్పాలె?" అంటాడు. ఉరి పోసుకున్నా, దెబ్బలకు పోయినా, "పాము కరిసిందని సెప్పు" అంటారు. ఆ లెక్కన బోధన్ తోటల్లో చెరుకుకంటే పాములే ఎక్కువ. "ఏ కాలికి? సుట్టాలు అడుగుతరు" అని ఎర్రన్నే ఆ అబద్ధానికి అతుకు వేయించేవాడు.

మొన్న అతని సొంతూరు రెంజల్ నుంచి కబురు మనిషి అతని గుమ్మంలోకే వచ్చాడు. "మీ బాపు పాము కరిసి పోయిండట. మీ అన్న సెప్పమన్నడు."

పొలం కోసం బాపుతో రోజూ కొట్లాడే అన్న.

"ఏ కాలికి?" అన్నాడు ఎర్రన్న.

"గది సెప్పలేదన్నా."

ఎర్రన్న ఏడవలేదు. మట్టి పోయకముందే బాపు కాళ్లు చూడాలని రెంజల్ బాట పట్టి పరుగెత్తాడు.