మెడలో వేసిన తెల్లగుడ్డ

మొన్న కూరగాయలు తీసుకుని వస్తుంటే మైదానం పక్కన స్వెట్టర్లవాళ్ళు వెదురుబొంగులు పాతుతూ కనిపించారు. ఇంకా తాళ్ళు విప్పని మూటల్లోంచి కొత్త ఉన్ని వాసనా కలరా ఉండల వాసనా కలిసి రోడ్డు మీదికి వస్తున్నాయి. సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మా ఆవిడ లేకుండా నాకు వచ్చిన మొదటి చలికాలం ఇది.

మా రాజమండ్రిలో చలి అంటే తెల్లవారుజామున ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పుకోవడమే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజూ డైరీలో వాతావరణం రాస్తున్నాను. పొగమంచు అని చాలాసార్లు రాశాను కానీ, వణికాము అని రాసినట్టు గుర్తులేదు. అయినా ఏటా టిబెట్ వాళ్ళు ఇంత దూరం వచ్చి మాకు స్వెట్టర్లు అమ్ముతారు, మేమూ కొంటాం. అలా వచ్చే వాళ్ళలో ఒకావిడ మా పెరట్లో గది అద్దెకు తీసుకునేది. పెద్దవాళ్ళు మంచుకొండలు దాటి పారిపోయి వచ్చారట. ఈవిడ మాత్రం కర్ణాటకలోని కాందిశీకుల కాలనీలో పుట్టింది. టిబెట్‌ను ఫొటోల్లో తప్ప చూడలేదు. తెలుగు బేరాల్లో నేర్చుకుంది. మా ఆవిడని అక్కా అని పిలిచేది, ఆ లెక్కన నన్ను బావగారూ అనేది. ఆఫీసులో ముప్పొద్దులా సార్ అనిపించుకున్నవాణ్ణి, మొదట్లో ఉలిక్కిపడేవాణ్ణి. వీధిలోవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. తర్వాత నాకే అలవాటైపోయింది.

ఒక ఏడు ఆవిడ మూటలన్నీ ఎడమచేత్తోనే ఎత్తడం మా ఆవిడ కంటబడింది. ఇలాంటివి నాకు కనబడవు. లోపలి గదిలోకి పిలిచి, తలుపు వేసి, చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చాక మాత్రం కేకలు నాకూ వినిపించాయి.

"సంక్రాంతి బేరాలు అయ్యాక చూపించుకుంటానక్కా. ఇప్పుడు కొట్టు మూస్తే ఎలా?"

"రొమ్ములో గడ్డకి సంక్రాంతేంటే! అది నీ బేరాలు అయ్యేదాకా ఆగుతుందా? రేపు పొద్దున్నే నాతో వస్తున్నావ్, అంతే."

మర్నాడు ముగ్గురం ఆటో ఎక్కాం. ఆసుపత్రి కౌంటర్ దగ్గర కుర్రవాడు ఆవిడ ఇచ్చిన చిన్న గుర్తింపు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీది ఏ దేశమండి?" అన్నాడు. "ఇక్కడే పుట్టానండి." "మరి ఇందులో విదేశీయులని ఉందేంటండి?" ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, "అదీ నేనేనండి" అంది. వెనక లైన్లో ఎవరో నవ్వారు. పాపం, ఆ కుర్రవాడు లోపలికి వెళ్ళి పెద్దవాళ్ళని అడిగి వచ్చి, పేరు రాసుకున్నాడు. గడ్డలో ముక్క తీసి చేసిన పరీక్ష ఫలితం మేం భయపడినట్టే వచ్చింది. ఆపరేషన్ ఆలస్యం చేయొద్దన్నారు డాక్టరుగారు. ఆయన చెప్పిన రోజు మంగళవారం.

మా ఆవిడకు అది మింగుడుపడలేదు. మంగళవారం గోళ్ళు కూడా తీయనివ్వని మనిషి. "మంగళవారం కోతేంటండీ" అని నా మీద విరుచుకుపడింది, రోజు నేను పెట్టినట్టు. అవతల స్వెట్టర్లావిడ కాలనీలోని వాళ్ళ గురువుగారికి ఫోన్ చేసింది. ఆయన జపమాల పూసలు లెక్క చూసి, మంగళవారం దివ్యంగా ఉంది, వెళ్ళమన్నారట. "మీ గురువుగారికి మన పంచాంగం తెలీదు కదమ్మా" అంది మా ఆవిడ. "మీ పంచాంగానికి నా గడ్డ సంగతి తెలీదు కదక్కా" అంది ఆవిడ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. అంత నవ్వు మా ఇంట్లో మళ్ళీ నేను వినలేదు.

ఆపరేషన్ రోజు ఆవిడని చక్రాల మంచం మీద తీసుకెళ్తున్నారు. పక్కన, కాలనీ నుంచి వచ్చిన వాళ్ళ చెల్లెలు ఉంది. థియేటర్ తలుపు దగ్గర ఆవిడ లేచి కూర్చుని, తలగడ కింద నుంచి పొడవాటి తెల్లటి పట్టుగుడ్డ తీసింది. రెండు చేతులతో పట్టుకుని, తలవంచి, మా ఆవిడ మెడలో వేసింది. మర్యాద అని నాకు అర్థమైంది. కానీ మన ఇళ్ళల్లో తెల్లగుడ్డ మనిషి మీద కప్పే రోజు వేరే ఉంది. మా ఆవిడ మొహం పాలిపోయింది. పాము మీద పడ్డట్టు ఆ గుడ్డను తీసేసి, ఒక్క క్షణం ఏం చేయాలో తెలియక, తిరిగి ఆవిడ మెడలోనే వేసేసింది. ఆవిడ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది. చెల్లెలు ఏడ్చింది. తలుపు మూసుకుంది.

ఆపరేషన్ బాగానే అయింది. మిగతా వైద్యం కాలనీకి దగ్గర్లో చేయించుకుంటానని, కుట్లు విప్పగానే వెళ్ళిపోయింది. ఇంట్లో మా ఆవిడ మాత్రం మనుషుల్లో పడలేదు. ఒకనాడు బియ్యం ఏరుతూ, చేట పక్కన పెట్టి అంది. "నా మీదికి వచ్చిందాన్ని దాని మీదికే నెట్టేశానండీ. చావుబతుకుల్లో ఉన్నదాని మెడలో తెల్లగుడ్డ వేశాను." పిచ్చిమాటలు మానెయ్యమన్నాను. ఆ మాట మళ్ళీ అనలేదు, మానెయ్యనూ లేదు. పెరటి గది తలుపు ముందు ముగ్గు వేయడం ఆపేసింది. ఎప్పుడైనా ఆ గదిలో చప్పుడైతే, పిల్లి అని తెలిసినా, లేచి చూసి వచ్చేది.

తరవాతి ఏడు మూటలతో చెల్లెలు ఒక్కతే దిగింది. మా ఆవిడ గుమ్మం పట్టుకుని, వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని చూసింది. "అక్కకి కీమో అవుతోందండి, బాగానే ఉంది" అని ఆ పిల్లే చెప్పింది. ఆ మరుసటేడు ఆవిడే వచ్చింది, పొట్టిగా మొలిచిన జుట్టుతో, మునుపటికన్నా గట్టిగా అరుస్తూ. అప్పటి నుంచి ఏటా వచ్చింది. వెళ్ళేముందు ఏటా మా ఆవిడ ముందు తలవంచేది. ఈవిడ చేతులు కొంగులో దాచుకుని "క్షేమంగా వెళ్ళిరామ్మా" అనేది. ఆవిడ వెళ్ళిన నాటి నుంచి మళ్ళీ కనబడేదాకా మా ఇంట్లో దిగులు. ప్రతి ఏడూ బతికి వచ్చిన మనిషిని చూసినా, మా ఆవిడకు ఆ దిగులు తగ్గలేదు. ఈసారికి తప్పింది, అంతే అనుకునేది కాబోలు. మొన్న వేసవిలో మా ఆవిడకు నిద్రలోనే గుండె ఆగిపోయింది.

ఇప్పుడు మైదానం దగ్గర స్వెట్టర్లావిడే నన్ను చూసి పరుగున వచ్చింది. "బావగారూ, అక్కేది?" అంది. చెప్పాను. బొంగుల మీదే కూలబడింది. కాసేపయ్యాక, ఎందుకు చెప్పాలనిపించిందో, ఆనాటి గుడ్డ సంగతి చెప్పాను. మా ఆవిడ ఎలా బెదిరిందో, ఇన్నేళ్ళూ ఎలా కుమిలిందో అంతా చెప్పాను.

ఆవిడ తెల్లబోయింది. "మాలో పెద్దవాళ్ళకి ఆ గుడ్డ ఇస్తామండి. వాళ్ళు దాన్ని తిరిగి మన మెడలో వేస్తే దీవెన. గురువులు అలాగే వేస్తారు. అందుకే కదండీ మా చెల్లి ఏడ్చింది."

"తను భయపడి వేసిందమ్మా."

"భయపడిందని అప్పుడే తెలుసండి. చేతులు వణికాయి కదా, నా మెడకి తగిలాయి. భయమేస్తే కింద పడేయొచ్చు. నా మెడలో వేసింది. ఆ చేతులు తల్చుకునే కదండీ మత్తులోకి వెళ్ళాను."

"మరి ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"అది దీవెనని అక్కకి తెలీదని నాకేం తెలుసండీ?"

అంతలో చెల్లెలు తాడు పట్టుకోమని కేకేసింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. కుడిచేత్తోనే మూట ఎత్తి భుజాన వేసుకుంది. నేను నడుస్తూ ఉండిపోయాను, ఇంటి మలుపు దాటిపోయినా తెలియలేదు. ఇద్దరూ ఒకే పెరట్లో అన్ని చలికాలాలు గడిపారు. ఆ నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఒక్క సాయంత్రం సరిపోయేది. అలాంటి సాయంత్రాలు ఎన్నో ఉన్నాయనుకున్నాం, ముగ్గురమూ.