క్యాంప్ వన్‌లో ఎడమకు ఒరిగిన ఓడ

అప్పయమ్మ పుట్టిందీ, పెళ్లాడిందీ, ఇడ్లీ బండి పెట్టుకున్నదీ అంతా భిలాయి ఉక్కు కార్మికుల బస్తీ క్యాంప్ వన్‌లోనే. సముద్రాన్ని ఎన్నడూ చూసి ఎరగదు. అయినా తండ్రి అంకయ్య పనిచేసిన ఓడ కథ మాత్రం ఇడ్లీతోపాటు అందరికీ వడ్డించేది.

ఆ ఓడ పేరు గంగాభవాని. రెండు తెరచాపల చెక్క ఓడ. అందులో అంకయ్య వంటవాడు. ఒకసారి ఉప్పు బస్తాలతో కళింగపట్నం వైపు వెళుతూ, తుపానూ లేదు గాలీ లేదు, పట్టపగలు ఓ ఇసుక దిబ్బ మీదికి నెమ్మదిగా ఎక్కి ఎడమ పక్కకు ఒరిగిపోయింది. ఎవరూ చావలేదు. ఓడ నడిపే సరంగు మోకాలిలోతు నీళ్లలో నడుచుకుంటూ ఒడ్డుకు పోయి చుట్ట ముట్టించాడు. మిగిలినవాళ్లు ఓడ మళ్లీ లేస్తుందేమోనని అందులోనే కాపురం పెట్టారు. ఉప్పంతా కరిగిపోయింది. బరువు తగ్గింది కదా, ఇక తేలుతుందన్నారు. తేలలేదు. యజమాని దాన్ని వంటచెరకు కింద అమ్మేశాడు. అంకయ్య అలలు లేని ఊరు ఎక్కడుందో వాకబు చేసి, అప్పుడే ఉక్కు కార్ఖానా కడుతున్న భిలాయికి రైలెక్కాడు.

మొన్నటి వినాయక చవితికి ముందు ఉత్సవ కమిటీ పెద్ద రాజాబాబు బండి దగ్గరికి వచ్చాడు. అతనికి సుపేలా బజారులో బట్టల కొట్టుంది.

“అత్తా, ఈసారి మన పందిరి మీ అయ్య ఓడే!” అన్నాడు.

వెదుళ్లూ గుడ్డలతో ఓడ లేచింది. అప్పయమ్మ చూసి పెదవి విరిచింది.

“ఏటి బాబూ, నిటారుగా ఉందేటి? ఇది మా ఓడ కాదు.”

“ఓడలు నిటారుగానే ఉంటాయి కదత్తా!”

“అయ్యన్నీ ఏరు. ఇది ఒరిగింది. ఒరక్కపోతే మా అయ్య ఇక్కడికి రాడు, నాను పుట్టను. నీకు ఇడ్లీ ఎవులెడతారు?”

రాజాబాబు వెదుళ్ల కట్లు విప్పించాడు. ఓడను ఎడమకు ఒరిగించారు.

దేవుడు మాత్రం ఒరగడానికి వీల్లేదని పూజారి సురేంద్రనాథ్ పట్టుబట్టాడు. కాబట్టి వంగిన ఓడలో వినాయకుడొక్కడే నిటారుగా కూర్చున్నాడు. పూజారి కొట్టిన కొబ్బరి చిప్పలు ప్రతిసారీ జారి జారి చెప్పుల కుప్ప దగ్గర ఆగేవి. భక్తులు అదో ఆచారమనుకుని అక్కడే దోసిళ్లు పట్టి నిలబడసాగారు.

పందిళ్ల తనిఖీకి వచ్చిన మనోజ్‌కుమార్ అనే అధికారి కంగారుపడ్డాడు.

“మాతాజీ, ఏ గిర్ జాయేగా!”

“గిర్ చుకా బేటా. మేరే బాప్ కే జమానే మే,” అందామె.

పడిపోతుందని ఆయనా, ఎప్పుడో మా నాన్న కాలంలోనే పడిపోయిందని ఈమే చాలాసేపు వాదించుకున్నారు. ఆఖరికి ఆయన భుజంతో గట్టిగా తోసి చూశాడు. కదల్లేదు. మర్నాడు పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని దర్శనానికి వచ్చాడు.

నవరాత్రులన్నీ అప్పయమ్మ పొద్దస్తమానం ఆ ఓడలోనే స్టూలు వేసుక్కూర్చుని వచ్చినవాళ్లకు కథ చెప్పింది. నిమజ్జనమైన మర్నాడు గుమ్మం దాటేసరికి సందు మొత్తం కుడి పక్కకు వాలి కనిపించింది. అక్కడికక్కడే వాంతి చేసుకుంది. కోడలు నీలిమ ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

“ఏం తిన్నారు?” అంది డాక్టరు తనూజ.

“ఏటీ తిన్లేదమ్మా. ఓడ దిగినాను.”

“ఎక్కడ?”

“క్యాంప్ వన్‌లో.”

డాక్టరు ఆశ్చర్యపోలేదు. బయట బల్ల మీద పూజారీ, రాజాబాబూ గోడ పట్టుకుని కూర్చునే ఉన్నారు మరి.

ఇంటికి తిరిగొస్తుంటే ఆటోలో అప్పయమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“తల ఇంకా తిరుగుతోందా అత్తయ్యా?” అంది నీలిమ.

“నేదే. ఓడ దిగినాక నెల్లాళ్లు నేల ఊగిందని మా అయ్య సెప్పీవోడు. తాగీసి వాగుతున్నాడనుకునీదాన్ని. ఆడు పోయినాక కూడా అది తాగుడు మాటేననుకున్నాను. పాపం, నిజమేనే!”

సుపేలా మలుపులో ఆటో విసురుగా తిరిగింది. ఆమె ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకుని, మెల్లగా పొమ్మని డ్రైవరుతో, “ధీరే చలావ్ భయ్యా,” అంది.