మా పిన్ని ఆరుగురి పటాలం

మా పిన్ని ఆపరేషన్ థియేటర్‌లో హెడ్ నర్సు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. సర్జన్లు ఆమెను ఎదురుగా "సిస్టరమ్మా" అంటారు, వెనక ఇంకేదో అంటారు. ఇంట్లో ఆమెకు ఇంకో ఉద్యోగం ఉంది. సాయంత్రం ఆరున్నరకు స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, కళ్లజోడు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఏడున్నర దాకా మంత్రగాళ్లనీ, మరుగుజ్జులనీ, కత్తులు పట్టిన మొద్దు మనుషుల్నీ వెంటేసుకుని, బొమ్మల రాజ్యాల్లో రాక్షసుల్ని చంపుతూ తిరుగుతుంది. ఈ సంగతి బంధువుల్లో ఎవరికీ చెప్పొద్దని బాబాయి నాకు మొదటి రోజే చెప్పాడు. ఇలా రాయడం చెప్పడం కిందికి రాదు. మా బంధువులెవరూ పుస్తకం ముట్టరు.

నేను ఉద్యోగం వెతుక్కోవడానికని వచ్చి, వాళ్ల హాల్లో సోఫా మీద స్థిరపడ్డవాణ్ణి. డిగ్రీ మధ్యలో వదిలేసి, దొరికిన పుస్తకమల్లా చదివి, ఇంటర్వ్యూల్లో ఎదుటివాళ్ల తప్పులు దిద్ది తిరిగొచ్చేవాణ్ణి. పిన్ని ఆటల్ని చూస్తే నాకు జాలిగా ఉండేది. ఇంత తెలివైన మనిషి బొమ్మలతో ఆడుకుంటోందే అని.

అయితే ఆమె ఏ బొమ్మతో పడితే ఆ బొమ్మతో ఆడదు. ఆటలు తెచ్చిచ్చేది వాళ్ల థియేటర్‌లో మత్తు డాక్టరు. ఆయనకీ అదే పిచ్చి. ఆయన ఐదు తెస్తే నాలుగు తిప్పి పంపేది. ఒకరోజు ఆయన ఫోన్ చేస్తే పిన్ని స్పీకర్ పెట్టి మాట్లాడింది.

"ఇందులో హీరో ఒక్కడే సిస్టరమ్మా. ఒంటరిగా లోకాన్ని కాపాడతాడు. భలే ఉంటుంది."

"ఒక్కడే ఎందుకున్నాడు సార్? మిగతావాళ్లు ఎందుకు వదిలేసి పోయారో ముందు అది కనుక్కోండి."

ఆమెకు జట్టు కావాలి. నలుగురికి తగ్గకూడదు. యుద్ధం మధ్యలో ఆపి, ఊపిరి పీల్చుకుని, ఎవరు ఏం చేయాలో చెప్పే వీలుండాలి. దెబ్బలకు కట్టు కట్టేవాడు ఒకడుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, జట్టులోవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు పోట్లాడుకోవాలి.

"పోట్లాట దేనికి పిన్నీ?" అని అడిగాను.

"నోరు మూసుకుని పనిచేసే జట్టంటే నాకు భయంరా. ఏదో దాస్తున్నారని అర్థం."

అప్పుడు ఆడుతున్న ఆటలో ఆమెకు ఆరుగురు. వాళ్ల అసలు పేర్లు నోరు తిరగనివి, పిన్ని వేరే పేర్లు పెట్టుకుంది. ముందు నడిచే కవచం మనిషి గోడ. నిప్పులు విసిరే పిల్ల అగ్గిపెట్టె. తాళాలు తీసేవాడు చేతివాటం. పాటలు పాడి జట్టుకు ధైర్యం చెప్పేవాడు వాగుడుకాయ. గొడ్డలి పట్టిన పొట్టి ఆవిడ పిన్నే, కాబట్టి ఆవిడ పేరు "నేను". ఆరోవాడు తాతయ్య. తెల్లగడ్డం, వంగిన నడుము, ఎవరికి దెబ్బ తగిలినా వెనక నుంచి చెయ్యెత్తి మాన్పుతాడు. ఊరికే నిలబెడితే గడ్డం గోక్కుంటాడు.

ఆమెకు ఒక రూలుంది. ఆటలో ఎవరైనా చస్తే చచ్చినట్టే. అందరూ అంతకుముందు ఆటను దాచుకున్న చోటు, అంటే పాత సేవ్ తెరిచి, చచ్చినవాణ్ణి లేపుకుని మళ్లీ ఆడతారు. పిన్ని ఆడదు. "థియేటర్‌లో వెనక్కి వెళ్లే బటన్ లేదు" అంటుంది. అందుకే ఎనిమిదేళ్లలో ఏడు ఆటలు పూర్తి చేసినా, ఒక్కసారీ బయల్దేరిన జట్టంతా తిరిగి రాలేదు. ఒకసారి నలుగురు, ఒకసారి ముగ్గురు, ఒకసారి ఈమె ఒక్కతే. ఈ ఎనిమిదో ఆటలో పదకొండు నెలలు గడిచాయి. ఆరుగురూ ఉన్నారు. ఇంక ఒక సొరంగం, దాని అవతల చివరి కోట.

సరిగ్గా అప్పుడే ఆస్పత్రి వరండాలో తడి నేల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు సిమెంటు కట్టు.

"సెలవే కదా, పడుకో" అన్నాడు బాబాయి.

"వాళ్లు సొరంగం ముందు నిలబడి ఉన్నారండీ."

"ఎవరు?"

"ఆరుగురూ."

మొదట బాబాయి మౌస్ పట్టుకున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఆయన వేలు ఒక బటన్ మీద పెడితే పక్కనున్న రెండూ నొక్కుకుంటాయి. ఐదు నిమిషాల్లో గోడ చేత అగ్గిపెట్టెను కొట్టించాడు. పిన్ని లేచి నిలబడి, "మీరు వెళ్లి టీ పెట్టండి" అంది. ఆ కుర్చీలోకి నేను వచ్చాను.

వారం రోజులు నేను ఆమె కుడిచెయ్యిని. ఆమె చెబుతుంది, నేను నొక్కుతాను. "ఆపు. వాగుడుకాయను గోడ వెనక్కి జరుపు. ఇంకా. ఆ, చాలు. అగ్గిపెట్టెను ఆగమను, మనవాళ్లు అడ్డం ఉన్నారు." థియేటర్‌లో ఆమె గొంతు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అరవదు. అరిచి ఉంటే బాగుండేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. ఇంత చదివినవాణ్ణి, నాకో అభిప్రాయం ఉండదా?

సొరంగం బయటి కాపలా అంతా అయ్యాక, ఒకరోజు పొద్దున లోపలికి దిగాం. లోపల తోడేళ్ల గుంపుతో యుద్ధం. గాయాలు మాన్పే మందు సీసాలు మూడు ఖర్చయ్యాయి. మూసి ఉన్న ఒక ఇనుప తలుపు ముందు సేవ్ చేయించి, ఎడమచేత్తో నోటుబుక్కులో ఏదో గీకి, కట్టు చూపించుకోవడానికి బాబాయితో ఆస్పత్రికి వెళ్లింది. గడప దాటుతూ "ముట్టుకోకు" అంది.

ముట్టుకున్నాను.

పిన్ని ఎప్పుడూ గోడనే ముందు నడిపిస్తుంది. అది నాకు నచ్చేది కాదు. ఆరుగురిలో చదువుకున్నవాడు తాతయ్య ఒక్కడే. ఇరవై శాస్త్రాలు వచ్చు, నాలుగు భాషలు వచ్చు. అలాంటివాడు ఒక మొద్దు వెనక దుమ్ము పీలుస్తూ నడవడమేంటి? తాతయ్యను ముందుకు తెచ్చి, తలుపు తీయమన్నాను. లోపల ఎద్దంత సాలెపురుగు. తాతయ్య గడ్డం గోక్కునే లోపే ఆయన పని అయిపోయింది. మిగిలిన ఐదుగురూ దాన్ని చంపారు. చంపగానే ఆట తనంతట తానే సేవ్ చేసుకుంది, అదీ పిన్ని చేయించిన సేవ్‌ను చెరిపేసి.

మిగిలింది సొరంగం మొదట్లో ఆట దాచుకున్న పాత సేవ్ ఒక్కటే. దాన్ని తెరిచాను. తాతయ్య లేచి నిలబడ్డాడు. తోడేళ్లతో మళ్లీ యుద్ధం చేశాను. ఈసారి ఎంత పకడ్బందీగా చేశానంటే ఒక్క మందు సీసా వాడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అదే తలుపు ముందు ఆరుగురినీ అలాగే నిలబెట్టి, సేవ్ చేసి, సోఫా మీద పుస్తకం పట్టుకుని పడుకున్నాను.

ఆరున్నరకు పిన్ని కూర్చుంది.

"సంచి తెరువు. మందు సీసాలెన్ని?"

"పద్నాలుగు."

"ఇంకోసారి చూడు."

"పద్నాలుగే పిన్నీ."

నోటుబుక్కు నా ముందుకు తిప్పింది. వంకర టింకరగా పదకొండు అని ఉంది.

"పోనీలే, ఎక్కువే ఉన్నాయిగా" అన్నాను. "తగ్గితే కదా బాధపడాలి."

అంత తెలివితక్కువ మాట నేను జీవితంలో అనలేదు. వంటగదిలోంచి బాబాయి, "అయిపోయావురా" అన్నాడు.

థియేటర్‌లో కడుపు కోసే ముందు రక్తం అద్దే గాజుగుడ్డ ముక్కలు లెక్కపెడతారు, కుట్టేముందు మళ్లీ లెక్కపెడతారు. ఒకసారి చివర్లో ఒక ముక్క ఎక్కువ వచ్చిందట. పిన్ని కుట్టు వేయనివ్వలేదు. పెద్ద సర్జన్ చేతులు పైకెత్తుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. "ఎక్కువుంటే లోపలేమీ మిగల్లేదనేగా సిస్టరమ్మా!" అని కేకలేశాడు. "ఎక్కువొచ్చిందంటే నా మొదటి లెక్క తప్పు సార్. అది తప్పయితే చివరి లెక్కను మాత్రం ఎందుకు నమ్మాలి?" అందట ఈమె. ఈ కథ బాబాయి నాకు తర్వాత చెప్పాడు. ముందే చెప్పి ఉంటే మూడు సీసాలు పారబోసి ఉండేవాణ్ణి.

"మొదట్నుంచి చెప్పు" అంది పిన్ని. "తోడేళ్లతో మళ్లీ ఎందుకు పోట్లాడాల్సొచ్చింది? తలుపెవరు తీశారు?"

"తాతయ్య."

"తాతయ్యెందుకు తీశాడు?"

"ముందు నిలబెట్టాను."

"ఎందుకు?"

"చదువుకున్నవాడు కదా అని."

వంటగదిలో ఏదో గిన్నె కింద పడింది. బాబాయి నవ్వాపుకోలేక వదిలేశాడు.

"చదువుకున్నాడని సర్జన్‌ని తీసుకెళ్లి టేబుల్ మీద పడుకోబెడతామా?" అంది పిన్ని. నవ్వలేదు. "అయితే తాతయ్య పోయాడు."

"పోలేదు పిన్నీ! ఇదిగో, చూడు, గడ్డం గోక్కుంటున్నాడు."

"పోయాడు. నువ్వు లేపావు."

బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నువ్వు లేనప్పుడు జరిగింది లెక్కలోకి రాదు సిస్టరమ్మా. మెకానిక్ లేనప్పుడు లిఫ్టు ఆగితే మేం రిజిస్టర్‌లో రాయం."

"అందుకే మీ లిఫ్టులు అలా ఆగుతాయి" అని కంప్యూటర్ కట్టేయించింది.

రెండు రోజులు ఆ కుర్చీ వైపే రాలేదు. ఆరున్నరకు స్నానం చేసి, జుట్టు ముడేసుకుని, బాల్కనీలో కూర్చుని ఎదురింటి గోడ చూసేది. తిట్టినా బాగుండును. బాబాయి నాతో గుసగుసగా, "పదకొండు నెలలురా. నాకు జ్వరమొస్తే కూడా ఇంత జాగ్రత్తగా చూడలేదు" అన్నాడు. నేను ఆమె దగ్గరికెళ్లి, నాకు చేతనైన వాదన చేశాను. ఇది ఆట. బొమ్మకు చావూ లేదు, బతుకూ లేదు. రూలు పెట్టింది నువ్వే, తీసేసినా అడిగేవాడు లేడు.

"అడిగేవాడు లేడు కాబట్టేరా" అంది. "థియేటర్‌లో వేలకు వేల ముక్కలు లెక్కపెట్టాను. సరిగ్గా లెక్కపెట్టావా అని అడిగినవాడు ఒక్కడు లేడు."

నేను సోఫా దగ్గరికి తిరిగొచ్చి పుస్తకం తెరిచాను.

మూడోరోజు కుర్చీ లాగింది. "రా. నీ తప్పుకో రూలు, నా తప్పుకో రూలు ఉండదు. సత్రానికి పద."

చచ్చినవాణ్ణి మళ్లీ చంపే వీలు ఆటలో లేదు. జట్టును మార్చుకునే చోటు సత్రం, అక్కడ జట్టులోంచి తీసేయొచ్చు, అంతే. తాతయ్య బొమ్మ పక్కన 'తొలగించు' అని చిన్న బటన్. నా వేలు దాని మీదే ఉంది, కదలలేదు. ఇంటర్వ్యూల్లో నన్ను ఎన్ని చోట్ల జాబితాలోంచి తీసేశారో, ఆ మనుషులెవరికీ వేలు వణికినట్టు నాకు గుర్తులేదు. పిన్ని చూసి చూసి, నా చెయ్యి తప్పించి, ఎడమచేత్తో మౌస్ పట్టుకుంది. మొదటిసారి నొక్కు గోడ బొమ్మ మీద పడింది. "అయ్యో, నువ్వు కాదురా నాయనా." రెండోసారి సరిగ్గా పడింది. తాతయ్య వంగి దండం పెట్టి, అవసరమైతే కబురు పంపండి, ఇక్కడే ఉంటానన్నాడు.

"చచ్చినవాడు సత్రంలో ఎలా ఉంటాడు?" అన్నాడు బాబాయి. ఆ మాట అనేసి టీ పెట్టడానికి వెళ్లాడు.

తాతయ్య చోటు నన్నే నింపమంది. సత్రంలో వైద్యం తెలిసినవాళ్లు ముగ్గురున్నారు. ఒకడు గొప్ప పండితుడు, ఇద్దరి మాటలు ఒక్కడే మాట్లాడతాడు. నా మనసు అటే పోయింది.

"ఈయనకేం వచ్చు?" అంది పిన్ని.

"అన్నీ తెలుసు."

"తెలిసింది సరే. కట్టు కట్టడం వచ్చా?"

రాదు. చివరికి చెట్ల మందులమ్మే ముక్కోపి ముసలమ్మను తీసుకున్నాను. వచ్చీ రాగానే గోడ కవచం మురికిగా ఉందని తిట్టింది. "ఈమె పనికొస్తుంది" అంది పిన్ని. ఆ రోజు నుంచి తలుపు ఎవరు తీయాలో నన్నెవరూ అడగలేదు. గోడ తీశాడు.

కోట తొమ్మిది సాయంత్రాలు పట్టింది. చివరి యుద్ధం ఆదివారం మధ్యాహ్నం. బాబాయి కూడా కుర్చీ తెచ్చుకున్నాడు. ఒక దశలో వాగుడుకాయకు ప్రాణం సూది మొనంత మిగిలింది. "ఆపు" అంది పిన్ని. ఆపాను. ముగ్గురం బొమ్మను చూస్తూ ఉండిపోయాం. ఆమె నోటుబుక్కు చూసింది, సీసాలు చూసింది, "ముసలమ్మను రెండడుగులు జరుపు" అంది. జరిపాను. బతికాడు. రాక్షసుడు పడ్డాడు. బాబాయి నా వీపు మీద చరిచిన చరుపు రెండు రోజులు నొప్పెట్టింది.

ఆట అయ్యాక ఒక్కొక్కరు తర్వాత ఏమయ్యారో బొమ్మలు వేసి చూపిస్తారు. గోడ పెళ్లి చేసుకున్నాడు. చేతివాటం జైలుకెళ్లాడు. అగ్గిపెట్టె బడి పెట్టింది. అందరి తర్వాత, మేం అనుకోకుండా, తెల్లగడ్డం కనిపించింది. తాతయ్య ఆ సత్రంలోనే వైద్యశాల తెరిచాడట. వచ్చినవాళ్లందరికీ వైద్యం చేస్తూ తొంభై రెండేళ్లు బతికాడట.

"చూశావా!" అని బాబాయి లేచి నిలబడ్డాడు. "బతికే ఉన్నాడు! ఆరుకు ఆరు! ఆటే చెబుతోంది!"

"ఆటకేం తెలుసండీ" అంది పిన్ని. "అది వీడు లేపినాయన్నే చూసింది."

నేను తర్వాతి బొమ్మకు వెళ్లబోయాను. "ఉండరా, కదపకు" అంది. ముందుకు వంగి, పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి ఎడమచేత్తో చీర కొంగుకు తుడుచుకోబోయి, కుదరక నాకిచ్చింది. తుడిచిచ్చాను. మూడోసారి చదివింది.

నోటుబుక్కు నా వైపు తోసింది. "రాయి. వెళ్లింది ఆరుగురు, వచ్చింది ఐదుగురు."

"మరి ముసలమ్మ?"

"ఆమె వెళ్లినప్పటి లెక్కలో లేదు కదా."

రాశాను. బాబాయి అన్యాయం, అన్యాయం అంటూ వంటగదిలో కంచాలు పెట్టాడు. కంప్యూటర్ కట్టేయనా అని అడిగితే, "తినేసి వచ్చాక చూద్దాంలే" అంది పిన్ని. మేం భోంచేస్తున్నంతసేపూ తాతయ్య హాల్లో తెర మీద తన వైద్యశాల గుమ్మంలో నిలబడే ఉన్నాడు. పిన్ని మాత్రం ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి, హాలు కనిపించేలా బాబాయి కుర్చీలో కూర్చుంది.