చేలో బయటపడ్డ ఊరు

పాత నగరం ఏదో బయటపడిందని పేపర్లో చదివినప్పుడల్లా నాకు మైసూర్‌పాకు గుర్తొస్తుంది.

కోయిలకుంట్ల బస్సు ఓర్వకల్లు గుట్టలు దాటుతుండగా, పక్కసీటు పెద్దాయన మైసూర్‌పాకు పొట్లం విప్పి ముక్కూమొహం తెలియని నా చేతిలో ఒక ముక్క పెట్టాడు.

"మా చేన్లో వేల ఏండ్ల కిందటి ఊరు బయటపడిండాదప్పా!" అన్నాడు.

బంగారమేమైనా దొరికిందా అని అడిగాను.

"అందరూ అదే అడుగుతాండారు. నీళ్లగుంత తవ్విస్తాంటే పుర్రె బయటపడె. మా నాయిన కాలంలో ఊళ్లో కక్షలు శానా. అవతలి పార్టీ మనిషొకాయన మాయమైపాయ. మా నాయినే చంపి పూడ్చినాడనిరి. కాదు కాదంటానే ఆయన సచ్చిపాయ. ఆ పుర్రె చూసినప్పట్నుంచి నాకు ముద్ద దిగలే."

తవ్వకాలవాళ్లు వచ్చారట. ఎముకలున్నది పెద్ద మట్టిబానలో, వెనకటి కాలంలో శవాలను పూడ్చే తీరులో. కాస్త అవతల ఇళ్ల పునాదులు, కుండపెంకులు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఊరని తేల్చారు.

"నేను ఒకటే అడిగినా. 'సార్, వీళ్లు మాకు తెలిసినోళ్లు కాదు గదా?' అని."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత, మాయమైన మనిషికి ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"పెండ్లాం ఉండాది. ఇంగా బొట్టు పెట్టుకుంటాది. తవ్వినన్నాళ్లూ గుంత గట్టునే కూచునె. ఎముకలు వేల ఏండ్ల నాటివని ఆ సారు చెప్పింది ఇని లేసి, నేరుగా మా ఇంటికొచ్చి మజ్జిగ అడిగి తాగె. ఆ పొద్దు దాకా మా గడప తొక్కలేదప్పా ఆమె."

వెనక సీటువాళ్లు కూడా చేయి చాపారు. ఆయన అప్పటికే పొట్లం మూసి దారం చుడుతున్నాడు.

"ఈ మిగిలింది ఆమెకు," అన్నాడు.